దగ్గరి దారి లెక్క: డైక్‌స్ట్రా అల్గారిథమ్‌ను ప్రోగ్రామ్‌గా రాయడంలో ఉన్న కిటుకులు

జీతాల లెక్క వేసే సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే నెల తిరిగేలోపు ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. దారి చూపించే సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే అడిగేవారు ఉండరు. అది ఆగిపోదు, ఎర్రటి అక్షరాల్లో హెచ్చరిక చూపించదు. ఏదో ఒక దారి చూపిస్తుంది. ఆ దారి నిజంగానే ఉంటుంది, గమ్యానికి చేరుస్తుంది కూడా. అంతకన్నా దగ్గరి దారి ఇంకొకటి ఉందన్న సంగతి మాత్రం బయటపడదు. 12 నిమిషాల్లో ఆసుపత్రికి చేరాల్సిన అంబులెన్సు 16 నిమిషాలకు చేరితే ట్రాఫిక్ ఎక్కువగా ఉందనుకుంటాం. ప్రోగ్రామ్‌లో ఒక ఆదేశం ఉండాల్సిన చోటు కన్నా నాలుగు లైన్లు కింద పడిందని ఎవరూ అనుకోరు.

ఇలాంటి ప్రోగ్రాముల్లో చాలావాటికి పునాది డైక్‌స్ట్రా అల్గారిథమ్. కంప్యూటర్ సైన్స్ చదివినవారందరికీ ఇది పరిచయమే. పరీక్షలో ఐదారు వృత్తాలు గీసి, వాటి మధ్య గీతల మీద అంకెలు వేసి, పట్టిక నింపి మార్కులు తెచ్చుకున్న ప్రశ్న. కాగితం మీద పట్టిక నింపడం ఒక పని. పది లక్షల కూడళ్లున్న రోడ్డు మ్యాపు మీద తప్పు రాకుండా, రెప్పపాటులో జవాబిచ్చే ప్రోగ్రామ్ రాయడం వేరే పని. ఈ వ్యాసం ఆ రెండో పని గురించి.

ముందుగా ఒక మాట. ఇక్కడ గ్రాఫ్ అంటే షేర్ మార్కెట్ వార్తల్లో కనిపించే ఎగుడుదిగుడు గీత కాదు. కొన్ని బిందువులు, వాటిని కలిపే కొన్ని గీతలు, అంతే. బిందువు ఒక కూడలి కావచ్చు, రైల్వే స్టేషన్ కావచ్చు, ఇంటర్నెట్ రౌటర్ కావచ్చు. గీత వాటి మధ్య ఉన్న దారి. ఆ గీత మీద ఒక అంకె ఉంటే, అంటే కిలోమీటర్లో నిమిషాలో రూపాయలో, దాన్ని ఆ గీత బరువు అంటారు. బరువులున్న గ్రాఫ్‌లో ఒక బిందువు నుంచి ఇంకో బిందువుకు మొత్తం బరువు అతి తక్కువగా ఉండే దారిని కనుక్కోవడమే ఇక్కడ సమస్య.

ఆమ్‌స్టర్‌డామ్‌లో 20 నిమిషాలు

ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1930లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో పుట్టారు. 1956లో ఆయన ఆమ్‌స్టర్‌డామ్‌లోని మ్యాథమెటికల్ సెంటర్‌లో ప్రోగ్రామర్. ఆ సంస్థ ఆర్మాక్ అనే కొత్త కంప్యూటర్ తయారుచేసింది. దాని ప్రారంభోత్సవానికి వచ్చే అతిథులు గణితం తెలిసినవారేమీ కాదు. వాళ్లకు ప్రశ్నా అర్థం కావాలి, జవాబూ అర్థం కావాలి. అలాంటి సమస్య కోసం వెతికితే ఆయనకు తట్టింది ఇది: రోటర్‌డామ్ నుంచి గ్రోనింగన్‌కు దగ్గరి దారి ఏది?

కాబోయే భార్యతో కలిసి బజారుకు వెళ్లి, అలసిపోయి, ఒక కేఫ్ ఆరుబయట కాఫీ తాగుతూ సుమారు 20 నిమిషాల్లో ఈ పద్ధతిని ఆలోచించానని ఆయన తర్వాతి కాలంలో చెప్పారు. చేతిలో కాగితం, కలం లేవు. కాగితం లేకపోతే అక్కర్లేని చిక్కులన్నిటినీ మనసే వదిలించుకుంటుందని, పద్ధతి అంత సరళంగా ఉండటానికి అదీ ఒక కారణమని ఆయన అభిప్రాయం. ప్రదర్శనకు దేశంలోని 64 నగరాలతో మ్యాపు తయారుచేశారు. 64 ఎందుకంటే ఒక నగరం సంఖ్యను 6 బిట్లలో రాసేయవచ్చు. మెమరీ అంత పొదుపుగా వాడాల్సిన రోజులు.

వెంటనే దాన్ని అచ్చు వేయలేదు. 1959లో 'న్యూమరిషె మాథెమాటిక్' అనే పత్రికలో మూడు పేజీల వ్యాసంగా వచ్చింది. అందులో రెండు సమస్యలున్నాయి. మొదటిది, కొన్ని బిందువులన్నిటినీ అతి తక్కువ తీగతో కలపడం. కంప్యూటర్ వెనుక పలక మీద రాగి తీగ ఆదా చేయాలన్న హార్డ్‌వేర్ ఇంజినీర్ల అవసరం అది. రెండోది మన దారి సమస్య. 1972లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 2002లో చనిపోయేనాటికి ప్రపంచంలోని నెట్‌వర్క్ రౌటర్లలో ఆ రెండో సమస్యకు ఆయన చెప్పిన పరిష్కారం నిత్యం నడుస్తోంది.

ఒక చిన్న పట్నం

ఒక ఊహా పట్నం తీసుకుందాం. బస్టాండు దగ్గర అంబులెన్సు ఉంది, ఆసుపత్రికి వెళ్లాలి. మధ్యలో మార్కెట్, చెరువుగట్టు, రైల్వే గేటు అనే మూడు కూడళ్లున్నాయి. బస్టాండు నుంచి మార్కెట్‌కు 7 నిమిషాలు, చెరువుగట్టుకు 3. చెరువుగట్టు నుంచి మార్కెట్‌కు 2, రైల్వే గేటుకు 8. మార్కెట్ నుంచి రైల్వే గేటుకు 4, నేరుగా ఆసుపత్రికి 9. రైల్వే గేటు నుంచి ఆసుపత్రికి 3. అన్నీ రెండువైపులా తిరిగే రోడ్లే.

పద్ధతి ఇది. ప్రతి కూడలికీ 'ఇప్పటివరకు తెలిసిన అతి తక్కువ సమయం' అని ఒక చీటీ అంటిస్తాం. బస్టాండుకు 0, మిగతావాటికి అనంతం. చీటీ ఖరారు కాని కూడళ్లలో అతి చిన్న అంకె ఉన్నదాన్ని తీసుకుని, దాన్ని ఖరారు చేసి, అక్కడి నుంచి వెళ్లే దారుల ద్వారా పక్క కూడళ్ల చీటీలు తగ్గుతాయేమో చూస్తాం.

మొదట బస్టాండు. మార్కెట్ చీటీ 7, చెరువుగట్టు చీటీ 3 అవుతాయి. చిన్నది చెరువుగట్టు, 3 దగ్గర ఖరారు. అక్కడి నుంచి మార్కెట్‌కు 3+2=5, పాత 7 కన్నా తక్కువ కాబట్టి చీటీ మారుతుంది. రైల్వే గేటుకు 11. ఇప్పుడు చిన్నది మార్కెట్, 5 దగ్గర ఖరారు. అక్కడి నుంచి రైల్వే గేటుకు 9, అంటే 11 కాస్తా 9 అయింది. ఆసుపత్రికి 14. తర్వాత రైల్వే గేటు, 9 దగ్గర ఖరారు. అక్కడి నుంచి ఆసుపత్రికి 12. 14 పోయి 12 వచ్చింది. మిగిలింది ఆసుపత్రి ఒక్కటే. జవాబు 12 నిమిషాలు: బస్టాండు, చెరువుగట్టు, మార్కెట్, రైల్వే గేటు, ఆసుపత్రి.

అతి చిన్న చీటీని ధైర్యంగా ఎందుకు ఖరారు చేయగలం? చెరువుగట్టుకు 3 నిమిషాల దారి తెలిసింది. అంతకన్నా తక్కువలో చేరే ఇంకో దారి ఉంటే అది ఇంకా ఖరారు కాని మరో కూడలి మీదుగా రావాలి. ఆ కూడలి చీటీయే 3 కన్నా ఎక్కువ. దాని మీద ఇంకొంత ప్రయాణం కలిస్తే పెరుగుతుందే గాని తగ్గదు. ఈ వాదన మొత్తం 'తగ్గదు' అన్న ఒక్క మాట మీద నిలబడింది. అది ఎప్పుడు కూలిపోతుందో కాసేపట్లో చూద్దాం.

ప్రోగ్రామ్‌గా రాస్తే

ముందు మ్యాపును మెమరీలో పెట్టాలి. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది చదరపు పట్టిక: అడ్డంగా అన్ని కూడళ్లు, నిలువుగా అన్ని కూడళ్లు, గడిలో దూరం. ఐదు కూడళ్లకు బాగానే ఉంటుంది. పది లక్షల కూడళ్లకు లక్ష కోట్ల గడులు కావాలి. గడికి 4 బైట్ల చొప్పున 4 టెరాబైట్లు. అందులో దాదాపు అన్నీ ఖాళీ గడులే. ఒక కూడలి నుంచి మూడో నాలుగో రోడ్లుంటాయి తప్ప పది లక్షలుండవు కదా. అందుకే ప్రతి కూడలికీ దాని పక్క కూడళ్ల జాబితా మాత్రమే ఉంచుతారు. కూడలికి మూడు దారులనుకుంటే మొత్తం 30 లక్షల నమోదులు. మామూలు ఫోన్‌లో కూడా పడుతుంది. వేగం ఇంకా కావాలనుకునేవారు ఈ చిన్న జాబితాలన్నిటినీ ఒకే పొడవాటి వరుసలో పేర్చి, ఏ కూడలి దారులు ఎక్కడ మొదలవుతాయో ఇంకో వరుసలో రాసుకుంటారు. పక్కపక్కనే ఉన్న డేటాను ప్రాసెసర్ త్వరగా చదువుతుంది.

తర్వాతి ప్రశ్న: అతి చిన్న చీటీ ఏదో ప్రతిసారీ ఎలా కనుక్కోవాలి? 1959 నాటి వ్యాసంలో ఇందుకు ప్రత్యేకమైన అమరిక లేదు. అన్నిటినీ ఒకసారి చూసి చిన్నదాన్ని ఎంచుకోవడమే. 64 నగరాలకు అది చాలు. పది లక్షల కూడళ్లకు అలా చూస్తే మళ్లీ లక్ష కోట్ల స్థాయిలో పోలికలు. 1964లో జె.డబ్ల్యు.జె. విలియమ్స్ హీప్ అనే అమరికను ప్రవేశపెట్టారు. అంకెలను ఒక చెట్టులాగా, ప్రతి తల్లి తన పిల్లల కన్నా చిన్నదిగా ఉండేలా పేరుస్తారు. అతి చిన్నది ఎప్పుడూ మొదట్లోనే ఉంటుంది. కొత్తది వేసినా, పైది తీసినా చెట్టు ఎత్తు మేరకే పని. పది లక్షల అంకెల హీప్ ఎత్తు 20 మెట్లు. 30 లక్షల దారులకు 20 చొప్పున ఆరు కోట్ల చిన్న పనులు. లక్ష కోట్లకూ ఆరు కోట్లకూ ఉన్న తేడాయే రాత్రంతా నడిచే ప్రోగ్రామ్‌కూ అడగగానే జవాబిచ్చే ప్రోగ్రామ్‌కూ ఉన్న తేడా.

ఇక్కడొక చిక్కుంది. మార్కెట్ చీటీ 7 నుంచి 5కు తగ్గినప్పుడు హీప్ లోపల ఉన్న 7ను వెతికి మార్చాలి. పైథాన్‌లోని హీప్‌క్యూ గాని, జావాలోని ప్రయారిటీక్యూ గాని, సీ ప్లస్ ప్లస్‌లోని ప్రయారిటీ క్యూ గాని ఆ సౌకర్యం ఇవ్వవు. అందుకని అనుభవజ్ఞులు ఒక సులువైన దారి పట్టారు. పాత చీటీని తీయరు. కొత్త చీటీని కూడా హీప్‌లో పడేస్తారు. పాతది ఎప్పుడో బయటికొచ్చినప్పుడు 'ఇది చెల్లదు' అని పక్కన పెడతారు. తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది:

దూరం[అన్ని కూడళ్లు] = అనంతం; దూరం[మొదలు] = 0
హీప్‌లో (0, మొదలు) వేయి
హీప్ ఖాళీ అయ్యేవరకు:
— హీప్‌లోంచి అతి చిన్న జంట (దూ, క) తీయి
— దూ > దూరం[క] అయితే ఇది పాత చీటీ. వదిలేసి తర్వాతది తీయి
— క గమ్యమైతే ఆగు
— క నుంచి ప్రతి పక్క కూడలి ప కోసం: కొత్త = దూ + దారి బరువు
— కొత్త < దూరం[ప] అయితే: దూరం[ప] = కొత్త; ముందు[ప] = క; హీప్‌లో (కొత్త, ప) వేయి

మన పట్నానికి దీన్ని నడిపితే ఐదు కూడళ్లకు ఎనిమిది చీటీలు హీప్‌లో పడతాయి. మార్కెట్ 7, రైల్వే గేటు 11 అనేవి చెల్లని చీటీలుగా బయటికొచ్చి చెత్తబుట్టకు పోతాయి. ఆసుపత్రి 14 హీప్‌లోనే మిగిలిపోతుంది. కొంత మెమరీ వృథా. అయినా ఈ పద్ధతే ఎక్కువ మంది వాడతారు, ఎందుకంటే రాయడం సులువు, తప్పులకు చోటు తక్కువ. మైకేల్ ఫ్రెడ్‌మన్, రాబర్ట్ టార్జన్ 1984లో కనిపెట్టిన ఫిబొనాచీ హీప్ సిద్ధాంతం ప్రకారం ఇంతకన్నా వేగం. పరీక్షలో దాని పేరు రాయాల్సిందే. పనిలో మాత్రం దాని అంతర్గత నిర్వహణ భారం వల్ల మామూలు హీపే ముందుంటుంది.

'ముందు' అనే వరుస సంగతి మరిచిపోవద్దు. 12 నిమిషాలు అని చెబితే అంబులెన్సు డ్రైవర్‌కు ఉపయోగం లేదు, ఏ మలుపు తిరగాలో చెప్పాలి. ప్రతి కూడలికి ఎక్కడి నుంచి వచ్చామో రాసుకుంటే, ఆసుపత్రి నుంచి వెనక్కి నడుచుకుంటూ బస్టాండు వరకు వచ్చి, ఆ వరుసను తిరగేస్తే దారి దొరుకుతుంది.

తప్పులు దాక్కునే చోట్లు

మొదటిది, అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది: కూడలిని హీప్‌లో వేసేటప్పుడే 'చూసేశాం' అని గుర్తు పెట్టడం. బరువులు లేని గ్రాఫ్‌లో వాడే బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్‌లో అలాగే చేస్తారు, అక్కడ అది సరైనదే. ఆ అలవాటుతో ఇక్కడా అలా రాస్తే మార్కెట్ 7 దగ్గరే గడ్డకట్టుకుపోతుంది. చెరువుగట్టు మీదుగా 5 అని తెలిసినా, 'ఇది చూసేసిన కూడలి' అని ప్రోగ్రామ్ దాన్ని పట్టించుకోదు. రైల్వే గేటు 11 దగ్గర ఆగుతుంది. చివరికి బస్టాండు, మార్కెట్, ఆసుపత్రి అనే 16 నిమిషాల దారి వస్తుంది. మొదట్లో చెప్పిన 16 ఇదే. గుర్తు పెట్టాల్సింది హీప్‌లోంచి తీసేటప్పుడు.

రెండోది దాని తమ్ముడు. ఆసుపత్రి మొదటిసారి కనబడగానే 'గమ్యం దొరికింది' అని ఆగిపోవడం. అప్పుడు జవాబు 14. ఆసుపత్రి హీప్‌లోంచి బయటికొచ్చే దాకా ఆగాలి. ఈ రెండు తప్పులూ చాలా మ్యాపుల్లో సరైన జవాబే ఇస్తాయి. మొదట కనబడిన దారే చాలాసార్లు దగ్గరి దారి కాబట్టి. నాలుగైదు ఉదాహరణలతో పరీక్షించి సంతృప్తి పడితే ఇవి దొరకవు.

భాషకో వల ఉంది. సీ ప్లస్ ప్లస్ ప్రయారిటీ క్యూ ఏమీ చెప్పకపోతే అతి పెద్దదాన్ని ముందు ఇస్తుంది, చిన్నదాన్ని కాదు. పైథాన్‌లో రెండు చీటీల దూరాలు సమానమైతే జంటలోని రెండో భాగాన్ని పోలుస్తుంది. అక్కడ కూడలి సంఖ్య కాకుండా ఏదైనా వస్తువుంటే, ఎన్నో రోజులు బాగా నడిచిన ప్రోగ్రామ్ రెండు దూరాలు సమానమైన రోజున కూలిపోతుంది. జావాలో హీప్‌లో ఉన్న వస్తువు అంకెను బయటి నుంచి మారిస్తే హీప్‌కు ఆ సంగతి తెలియదు, క్రమం చెడిపోతుంది. ఇక అనంతం. చాలామంది దాని బదులు 32 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647 వాడతారు. హీప్ లేకుండా పట్టికను వెతికే పాత పద్ధతిలో, చేరడానికి వీల్లేని కూడలిని పొరపాటున ఎంచుకుని ఆ సంఖ్యకు ఇంకొంచెం కలిపితే అది తిరగబడి రుణ సంఖ్య అవుతుంది. దారే లేని ఊరు అన్నిటికన్నా దగ్గరి ఊరైపోతుంది!

దశాంశాలతో దూరం కొలిస్తే 0.1, 0.2 కలిపినప్పుడు కంప్యూటర్ సరిగ్గా 0.3 ఇవ్వదన్న పాత గొడవ తగులుతుంది. కిలోమీటర్ల బదులు మీటర్లు, నిమిషాల బదులు సెకన్లు పూర్ణసంఖ్యల్లో పెట్టుకుంటే ఆ తలనొప్పి ఉండదు.

బరువు అంటే ఏ బరువు?

అల్గారిథమ్ తప్పు లేకుండా రాశాక కూడా జవాబు పనికిరాకుండా పోవచ్చు. అది మనమిచ్చిన అంకెలనే కూడుతుంది. ఆ అంకెలు దేన్ని కొలుస్తున్నాయో దానికి తెలియదు.

దీనికి మంచి ఉదాహరణ నెట్‌వర్క్ రంగంలో ఉంది. సంస్థల అంతర్గత నెట్‌వర్కుల్లో విస్తృతంగా వాడే ఓఎస్‌పీఎఫ్ అనే నిబంధనావళి పేరులోనే 'షార్టెస్ట్ పాత్ ఫస్ట్' ఉంది. దాని రెండో రూపాంతరం ఇప్పటి ప్రామాణిక పత్రం 1998లో వచ్చింది. ప్రతి రౌటర్ తన దగ్గరున్న నెట్‌వర్క్ మ్యాపు మీద డైక్‌స్ట్రా నడిపి, ఏ ప్యాకెట్‌ను ఏ వైపు పంపాలో తేల్చుకుంటుంది. తీగ వేగం ఎక్కువైతే బరువు తక్కువ. సిస్కో రౌటర్లలో అలవాటుగా ఉన్న సూత్రం ప్రకారం 100 మెగాబిట్లను తీగ వేగంతో భాగిస్తే బరువు వస్తుంది, 1 కన్నా తగ్గదు. ఆ సూత్రం పెట్టిన రోజుల్లో 100 మెగాబిట్లంటే గొప్ప. ఇప్పుడు 100 మెగాబిట్ల తీగకూ 1, వెయ్యి మెగాబిట్ల తీగకూ 1, పది వేల మెగాబిట్ల తీగకూ 1. నిర్వాహకులు ఆ ప్రమాణాన్ని పెంచకపోతే, ఎన్‌హెచ్‌నూ సందునూ ఒకటిగా చూసే దారి వస్తుంది. అల్గారిథమ్ చేసిన తప్పేమీ లేదు.

రోడ్ల మీద దిశ కూడా ముఖ్యమే. తిరుమల ఘాట్ రోడ్లు చూడండి. కొండ ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఇంకొకటి. వీటిని రెండువైపులా తిరిగే గీతలుగా నమోదు చేస్తే ప్రోగ్రామ్ ఎదురొచ్చే బస్సుల్లోకి పంపుతుంది. ప్రతి రోడ్డునూ ఒక దిశగానే నమోదు చేసి, రెండువైపులా తిరిగేదైతే రెండుసార్లు నమోదు చేయడం మంచి పద్ధతి. మన నగరాల్లో ఇంకో సమస్య యూటర్న్. కూడలి మూసేసి డివైడర్ పెట్టి, కుడివైపు వెళ్లాలంటే ముందుకెళ్లి తిరిగి రమ్మంటారు. 'ఈ రోడ్డు నుంచి వస్తే ఆ రోడ్డుకు తిరగకూడదు' అన్న నియమం కూడలికి సంబంధించింది కాదు, రెండు రోడ్ల జంటకు సంబంధించింది. అందుకే మంచి దారి ప్రోగ్రాములు కూడళ్లను కాక రోడ్డు ముక్కలనే బిందువులుగా తీసుకుంటాయి. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు మళ్లడం గీత అవుతుంది. గ్రాఫ్ పెద్దదవుతుంది గాని అల్గారిథమ్ మారదు.

రైళ్లయితే బరువు గడియారాన్ని బట్టి మారుతుంది. తెల్లవారి ప్యాసింజర్‌కు పట్టే సమయం వేరు, తర్వాత బయల్దేరి మధ్యలో దాన్ని దాటేసే ఎక్స్‌ప్రెస్‌కు పట్టే సమయం వేరు. గీత బరువును 'ఈ స్టేషన్‌కు ఇన్ని గంటలకు వస్తే పై స్టేషన్‌కు ఎంత త్వరగా చేరగలను' అన్న ప్రశ్నగా మార్చి, ప్లాట్‌ఫామ్ మీద ఆగి ఎక్స్‌ప్రెస్ కోసం చూడటాన్ని కూడా అందులో కలిపితే డైక్‌స్ట్రా అలాగే పనిచేస్తుంది. ముందు వచ్చినవారు ఆగగలరు కాబట్టి, ముందు రావడం వల్ల ఎప్పుడూ నష్టం ఉండదు.

బరువు సున్నా కన్నా తక్కువైతే

ఇప్పుడు ఆ 'తగ్గదు' అన్న మాట. ఎలక్ట్రిక్ బస్సు కొండ దిగేటప్పుడు బ్రేకు వేస్తే మోటారు జనరేటర్‌లా మారి బ్యాటరీని కొంత ఛార్జ్ చేస్తుంది. తక్కువ దూరం కాకుండా తక్కువ కరెంటు ఖర్చయ్యే దారి కావాలంటే దిగుడు రోడ్డు బరువు రుణ సంఖ్య అవుతుంది. అప్పుడేమవుతుందో మూడు బిందువులతో చూడొచ్చు. అ నుంచి ఆ కు 2, అ నుంచి ఇ కి 5, ఇ నుంచి ఆ కు −4. ఖరారు గుర్తులు పెట్టే ప్రోగ్రామ్ ఆ ను 2 దగ్గర ఖరారు చేస్తుంది. ఇ మీదుగా వెళ్తే 1 అన్నది దాని దృష్టికి రాదు.

పైన తెలుగులో రాసిన రూపం, గమ్యం దగ్గర ఆగకుండా చివరిదాకా నడిపితే, ఈ చిన్న ఉదాహరణలో సరిదిద్దుకుంటుంది. కొత్త చీటీ మళ్లీ హీప్‌లో పడుతుంది కాబట్టి. కానీ దాన్ని నమ్ముకోవద్దు. కొన్ని గ్రాఫుల్లో అదే బిందువును మళ్లీ మళ్లీ తెరుస్తూ పని రెట్టింపు మీద రెట్టింపుగా పెరుగుతుంది. చుట్టూ తిరిగి వస్తే మొత్తం రుణమయ్యే వలయం ఉంటే ఎప్పటికీ ఆగదు. రుణ బరువులుంటే రిచర్డ్ బెల్‌మన్, లెస్టర్ ఫోర్డ్ పేర్లతో పిలిచే పద్ధతి 1950ల నుంచే ఉంది. అది ప్రతి గీతనూ మళ్లీ మళ్లీ తడుముతుంది. నెమ్మది, కానీ జవాబు సరైనది. రుణ వలయం ఉంటే ఉందని చెబుతుంది కూడా.

ఎలక్ట్రిక్ బండ్లకు ఇంతకన్నా అందమైన పరిష్కారం ఉంది. ఎంత మంచి మోటారైనా కొండ దిగినప్పుడు ఎక్కడానికి అవసరమైనంత శక్తినే తిరిగి ఇవ్వగలదు, అంతకు మించి ఇవ్వలేదు. కాబట్టి ప్రతి రోడ్డు ఖర్చుకూ మొదలు దగ్గరి ఎత్తు తాలూకు స్థితిశక్తిని కలిపి, చివరి దగ్గరి స్థితిశక్తిని తీసేస్తే వచ్చే బరువు ఎప్పుడూ సున్నాకు తగ్గదు. దారి పొడవునా ఇలా చేస్తే మధ్యలోవన్నీ కొట్టుకుపోయి, మొదలు, గమ్యం ఎత్తుల తేడా మాత్రమే మిగులుతుంది. అది ఏ దారికైనా ఒకటే. అంటే ఏ దారి తక్కువో ఆ క్రమం మారదు, డైక్‌స్ట్రా నిశ్చింతగా నడుస్తుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన శక్తి నిత్యత్వ నియమమే ఇక్కడ ప్రోగ్రామర్‌కు అక్కరకొచ్చింది. బ్యాటరీ నిండిపోతే ఇంక ఛార్జ్ ఎక్కదన్న పరిమితిని మాత్రం విడిగా చూసుకోవాలి.

దేశమంత మ్యాపు

డైక్‌స్ట్రాకు గమ్యం ఎటువైపు ఉందో తెలియదు. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం అడిగినా నీళ్లలో రాయి వేస్తే అలలు లేచినట్టు పడమటి వైపు, బీదర్ దిక్కుకు కూడా అదే శ్రద్ధతో వెతుకుతుంది. 1968లో పీటర్ హార్ట్, నిల్స్ నిల్సన్, బెర్‌ట్రామ్ రాఫెల్ స్టాన్‌ఫోర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో షేకీ అనే రోబో పనిలో భాగంగా ఎ-స్టార్ పద్ధతిని తెచ్చారు. చీటీ మీది అంకెకు 'ఇక్కడి నుంచి గమ్యానికి కనీసం ఇంత' అన్న అంచనాను కలిపి హీప్‌లో వేస్తారు. అంచనా అసలు కన్నా ఎక్కువ కాకూడదు, అదే షరతు. ఇక్కడ జరిగే పొరపాటు కొలమానాల్లో. బరువులు నిమిషాల్లో ఉంటే అంచనాగా గాలిదూరం కిలోమీటర్లను అలాగే కలపకూడదు. మ్యాపులో గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లయితే 10 కిలోమీటర్ల గాలిదూరానికి కనీస సమయం 6 నిమిషాలు. 10 అని కలిపితే అంచనా మించిపోయి, దగ్గరి దారి చేజారవచ్చు.

అది కూడా దేశమంత మ్యాపుకు చాలదు. 2008లో జర్మనీలోని కార్ల్‌స్రూ పరిశోధకులు కాంట్రాక్షన్ హైరార్కీస్ అనే పద్ధతి ప్రచురించారు. ప్రాముఖ్యం లేని కూడళ్లను ఒక్కొక్కటిగా తీసేస్తూ, వాటి మీదుగా పోయే దగ్గరి దారులకు బదులు అడ్డదారి గీతలు ముందే వేసి ఉంచుతారు. తర్వాత అడిగే ప్రతి ప్రశ్నకూ రెండు చివర్ల నుంచి ప్రాముఖ్యం పెరిగే దిశలో మాత్రమే డైక్‌స్ట్రా నడిపితే చాలు, సెకనులో వెయ్యో వంతు స్థాయిలో జవాబొస్తుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా మీద నడిచే ఓఎస్‌ఆర్‌ఎమ్, గ్రాఫ్‌హాపర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఇది సిద్ధంగా ఉంది. మండల స్థాయిలో పాల వ్యానుకో స్కూలు బస్సుకో దారి వేయాలనుకునే చిన్న సంస్థ దీన్ని మొదటి నుంచి రాయనక్కర్లేదు. కాకపోతే రోడ్డు మూసేశారన్న వార్త వస్తే ముందే వేసిన అడ్డదారుల్లో కొన్నిటిని మళ్లీ లెక్కించాలి. వరదల రోజున ఈ ఆలస్యం ఎంతో ముందే తెలుసుకుని ఉండాలి.

సొంతంగా రాసినవారికి పరీక్షించే సులువు మార్గం ఒకటుంది, దాన్ని వాడేవారు తక్కువ. దగ్గరి దారి జవాబు తనను తానే రుజువు చేసుకోగలదు. అల్గారిథమ్‌ను గమ్యం దగ్గర ఆపకుండా పూర్తిగా నడిపి, తర్వాత ప్రతి గీతనూ ఒక్కసారి చూడండి. అవతలి కూడలి చీటీ, ఇవతలి కూడలి చీటీకి బరువు కలిపిన దాని కన్నా ఎక్కువ ఉండకూడదు. మొదలు కూడలి కాకుండా, చేరిన ప్రతి కూడలికీ 'ముందు' అని రాసుకున్న గీత దగ్గర ఆ రెండూ సరిగ్గా సమానం కావాలి. బరువులన్నీ సున్నా కన్నా ఎక్కువైతే ఈ రెండూ నిలిస్తే జవాబు సరైనదే, ప్రోగ్రామ్ లోపల ఎలా రాశారన్నది అనవసరం. 16 నిమిషాల తప్పుకు ఈ పరీక్ష పెట్టి చూడండి: చెరువుగట్టు 3, దారి 2, కానీ మార్కెట్ చీటీ 7. అక్కడే దొరికిపోతుంది.

ఇంత పాత లెక్కలో ఇంకా కొత్తది ఏముంటుందనుకునేవారికి గత రెండేళ్లు ఆశ్చర్యం కలిగించాయి. 2024లో టార్జన్ సహా ఐదుగురు పరిశోధకులు, తగిన హీప్‌తో నడిపితే, కూడళ్లను దూరం వరుసలో పేర్చి ఇవ్వాలన్న పనికి డైక్‌స్ట్రాను మించినది ఏ గ్రాఫ్ ఆకారం మీదా ఉండదని నిరూపించారు. 2025లో చైనాలోని చింగ్‌హ్వా విశ్వవిద్యాలయానికి చెందిన రాన్ డువాన్, సహ పరిశోధకులు ఇంకో వైపు నుంచి వచ్చారు. వరుసలో పేర్చనక్కర్లేదు, దూరాలు మాత్రమే చాలు అనుకుంటే, గీతలు తక్కువగా ఉండే గ్రాఫుల మీద డైక్‌స్ట్రా కన్నా సిద్ధాంతపరంగా వేగమైన పద్ధతి ఉందని చూపించారు. ఈ రెండు ఫలితాలూ ఒకదాన్నొకటి కాదనవు, అడిగిన ప్రశ్నలు వేరు. రోజువారీ ప్రోగ్రాముల్లో మాత్రం హీప్, చెల్లని చీటీలు, చెత్తబుట్ట అనే పాత ఏర్పాటే నడుస్తోంది.